తీగను పలికించే అయస్కాంతం

ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌లో ముఖ్యమైన భాగాలు రెండే. ఒకటి అయస్కాంతం, రెండోది దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన రాగి వైరు. ఆ వైరు మందం 0.06 మిల్లీమీటర్ల చిల్లర, అంటే తలవెంట్రుకంత సన్నం. కింద ఉన్న అయస్కాంతం పైనున్న ఉక్కు తీగను కూడా అయస్కాంతంగా మారుస్తుంది. అలా మారిన తీగను మీటితే కాయిల్ గుండా సాగే అయస్కాంత ప్రవాహం తీగతో పాటే హెచ్చుతగ్గులకు లోనవుతుంది, వైరులో విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. నైలాన్ తీగ, ఇత్తడి తీగ ఈ పికప్ మీద మూగబోవడానికి కారణమూ ఇదే: వాటిని అయస్కాంతం పట్టుకోలేదు. పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని పలికించిన ఎలక్ట్రిక్ మాండలిన్ కూడా ఈ కుటుంబానిదే.

అమెరికాలో జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ 1930ల మొదట్లో తెచ్చిన ‘ఫ్రయింగ్ పాన్’ గిటార్‌లో గుర్రపు నాడా ఆకారపు రెండు ఉక్కు అయస్కాంతాలు తీగల మీదుగా వంగి ఉండేవి. ఆనాటి ఉక్కు అయస్కాంతాలు బలహీనం, అందుకే అంత పెద్దవి కావలసి వచ్చింది. 1931లో జపాన్ శాస్త్రవేత్త తొకుషిచి మిషిమా ఇనుము, నికెల్, అల్యూమినియం కలిపి చేసిన మిశ్రలోహం దారి మార్చింది. ఆ లోహానికి కోబాల్ట్, రాగి తోడై ఆల్నికో కుటుంబంగా పెరిగింది. చిటికెన వేలికన్నా సన్నని కడ్డీలోనే కావలసినంత బలం ఇమిడాక పికప్ తీగల కింద ఒదిగిపోయింది.

ఆల్నికోకు రకరకాల అంకెలున్నాయి. పికప్‌లలో తరచూ కనిపించేవి 2, 3, 5. వీటిలో 3వ రకంలో కోబాల్ట్ ఉండదు, బలమూ తక్కువే. 5వ రకాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచి చల్లారుస్తారు కాబట్టి ఒకే దిశలో చాలా బలంగా ఉంటుంది. ఫెండర్ 1954లో విడుదల చేసిన స్ట్రాటోకాస్టర్‌లో తీగకొకటి చొప్పున ఆల్నికో కడ్డీలు కాయిల్ మధ్యలోనే నిలబడతాయి. సేత్ లవర్ రూపొందించగా గిబ్సన్ 1957లో తెచ్చిన హంబకర్‌లో మాత్రం రెండు కాయిల్‌ల కింద ఒకే పట్టీ పడుకుని ఉంటుంది. ఆ తొలి హంబకర్లలో చేతికందిన ఆల్నికో రకాన్ని వేసేవారు, చుట్ల లెక్క కూడా ఒకే తీరుగా ఉండేది కాదు. అందుకే వాటిలో ఏ రెండూ ఒకేలా పలకవు.

బలమైన అయస్కాంతం వేస్తే మంచి నాదం వస్తుందన్న నమ్మకం గిటారిస్టుల్లో గట్టిగా నాటుకుపోయింది. అది సగమే నిజం. బలం పెరిగితే శబ్దం పెరుగుతుంది. కానీ నాదపు రంగును తేల్చడంలో అయస్కాంతం ఏ పదార్థమన్నది కూడా లెక్కకొస్తుంది. ఆల్నికో లోహం. కాయిల్ దగ్గర ఉంటే దాని ఇండక్టెన్స్‌ను, అంటే మారే విద్యుత్తును అడ్డగించే గుణాన్ని, కొంత పెంచుతుంది, తనలోనూ సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. సిరామిక్ అని పిలిచే ఫెర్రైట్ విద్యుత్తును దాదాపు ప్రవహించనివ్వదు, ఇండక్టెన్స్‌కూ పెద్దగా ఏమీ కలపదు. హంబకర్‌లో ఆల్నికో తీసి సిరామిక్ పెట్టినప్పుడు పదును పెరిగినట్టు వినిపిస్తే అందులో బలం పాత్ర ఒక పాలే.

బలానికి ఒక మూల్యం కూడా ఉంది. అయస్కాంతం తీగను తనవైపు లాగుతుంది. పికప్‌ను తీగలకు మరీ దగ్గరగా ఎత్తితే తీగ స్వేచ్ఛగా ఊగలేదు. నిలువు ఊపు, అడ్డపు ఊపు వేర్వేరు వేగాల్లో సాగి ఒకే స్వరం రెండుగా చీలినట్టు తడబడుతుంది. శ్రుతి ఎంత సరిచేసినా కుదరదు, నాదం త్వరగా ఆరిపోతుంది. లావు తీగను పై ఫ్రెట్ల దగ్గర నొక్కినప్పుడు ఇది స్పష్టంగా తెలుస్తుంది. స్ట్రాటోకాస్టర్లలో ఎక్కువగా కనిపించడంతో ఈ జబ్బుకు ‘స్ట్రాటైటిస్’ అన్న పేరు స్థిరపడింది. మందు ఒక స్క్రూడ్రైవరే. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపట్టి, తీగ అడుగు నుంచి కడ్డీ పైభాగం దాకా కొలవాలి. పాత తరహా సింగిల్ కాయిల్ పికప్‌లకు ఫెండర్ సూచించే దూరం లావు తీగ వైపు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి చెవి చెప్పినట్టు సర్దుకోవాలి. కొత్త పికప్‌కు డబ్బు పెట్టే ముందు అరగంట ఈ పని మీద వెచ్చించడం ఎంతో మేలు.

ధ్రువాల సంగతి ఇంకా ఆసక్తికరం. ఇంటి కరెంటు నుంచి వచ్చే గుర్రుమనే మోతను కాయిల్ నేరుగా పట్టుకుంటుంది, దానికి అయస్కాంతంతో పనిలేదు. తీగ సంకేతపు దిశను మాత్రం చుట్టిన దిశ, ధ్రువం రెండూ కలిసి నిర్ణయిస్తాయి. ఒక కాయిల్‌లో ఈ రెండింటినీ తిప్పేస్తే తీగ సంకేతాలు కలిసిపోతాయి, మోత మాత్రం ఎదురెదురై రద్దవుతుంది. హంబకర్ రహస్యం అదే. ఒక్క ధ్రువమే తారుమారైతే? రెండు పికప్‌లను కలిపి వాయించినప్పుడు మంద్ర స్థాయి చాలావరకు రద్దై సన్నని, ముక్కుతో పలికినట్టున్న నాదం వస్తుంది. గిటారిస్టు పీటర్ గ్రీన్ వాయించిన 1959 నాటి లెస్ పాల్ గిటార్‌లో మెడ వైపు పికప్ అయస్కాంతం ఇలాగే తిరగబడి ఉంది. ఆ గిటార్ తర్వాత గ్యారీ మూర్‌కు, మరికొన్నేళ్లకు కిర్క్ హ్యామెట్‌కు చేరింది. దానికి పేరు తెచ్చిన నాదంలో ఆ తారుమారుకు పెద్ద వాటా ఉంది.

కాబట్టి అయస్కాంతం మార్చేవారికి మొదట కావలసింది చిన్న దిక్సూచి. దాని ఉత్తరపు ముల్లును లాగేది దక్షిణ ధ్రువం. హంబకర్ పట్టీలో ధ్రువాలు చివర్లలో కాదు, పొడవాటి అంచుల వెంబడి ఉంటాయి. ఒక అంచు మర వరసను, మరొకటి ఉక్కు దిమ్మెల వరసను తాకుతుంది. ఏ అంచు ఎటు ఉందో గుర్తుపెట్టుకుని, మూత ఉంటే దాని టంకం కరిగించి, అడుగు పలకలోని నాలుగు మరలను వదులు చేస్తే పట్టీ పక్కకు జారుతుంది. మైనం పోసి ఉంటే కొద్దిగా వెచ్చజేయాలి తప్ప బలం వాడకూడదు. పాత పద్ధతి ఫెండర్ పికప్‌లలో కడ్డీలను మాత్రం నెట్టనే కూడదు. వైరును నేరుగా వాటి మీదే చుట్టారు, కడ్డీ కదిలితే లోపలి పొర తెగుతుంది.

ఆల్నికో వయసుతో పెద్దగా నీరసించదు. దాన్ని దెబ్బతీసేది పక్కనున్న మరో అయస్కాంతం. విడి పట్టీలను సజాతి ధ్రువాలు ఎదురెదురుగా నొక్కి కట్టకూడదు, నియోడిమియం అయస్కాంతపు ముక్కను పికప్ దగ్గరకు తేకూడదు. ఆల్నికో పెళుసు కాబట్టి కిందపడితే అంచు పగులుతుంది. ఇనుప రజను పోగయితే టేపు అద్ది తీయాలి. బలం తగ్గిన స్ట్రాటోకాస్టర్ పికప్‌కు అదే నియోడిమియం ఉపయోగపడుతుంది. రెండు పెద్ద ముక్కల విజాతి ధ్రువాలు ఎదురెదురుగా ఉండేలా వైస్ దవడలకు బిగించి, పాత ధ్రువం దిశ తప్పకుండా పికప్‌ను ఆ సందులోంచి ఒకసారి నడిపితే కడ్డీలకు మళ్లీ బలం వస్తుంది. ఆ ముక్కలు వేళ్లను నలగ్గొట్టగలవు, పిల్లలు మింగితే ప్రాణాపాయం. పని అయ్యాక దిక్సూచితో ఆరు కడ్డీలనూ మరోసారి చూసి, ఆ తర్వాతే తీగలు బిగించాలి.