దంత అమాల్గం

దంత అమాల్గం అనగా పుచ్చిన పంటిలోని గుంతను పూడ్చడానికి దంతవైద్యులు వాడే పాదరస మిశ్రలోహం. చూడటానికి వెండి రంగులో ఉంటుంది కనుక దీనిని వెండి ఫిల్లింగు అని కూడా అంటారు. నిజానికి దీని బరువులో దాదాపు సగం పాదరసమే. మిగిలిన భాగంలో వెండి, తగరం, రాగి, కొన్ని రకాలలో స్వల్పంగా జింకు ఉంటాయి. ఐరోపాలో 19వ శతాబ్దపు తొలి భాగం నుండి ఇది వాడుకలో ఉంది. నమిలే ఒత్తిడి అధికంగా పడే దవడ పళ్ళకు దీనిని ఎక్కువగా వాడారు.

గట్టిపడే విధానం

లోహాన్ని కోరిన ఆకారంలోకి తేవాలంటే సాధారణంగా కరిగించి పోత పోయాలి. నోటిలో అది సాధ్యం కాదు. పాదరసం గది ఉష్ణోగ్రత వద్దే ద్రవంగా ఉండటం వలన ఈ చిక్కు తీరింది. మిశ్రలోహపు పొడిని పాదరసంతో కలిపి నూరితే మెత్తని ముద్ద తయారవుతుంది. పూర్వం ఈ పనిని కల్వంలో చేసేవారు. తరువాత గుళికను వేగంగా కుదిపే యంత్రాలు వచ్చాయి. ముద్దను గుంతలో కూరి, గట్టిపడేలోగా పంటి ఆకారానికి చెక్కుతారు.

ముద్ద గట్టిపడటమంటే తడి ఆరిపోవడం కాదు, కొత్త స్ఫటికాలు ఏర్పడటం. పొడిలోని ముఖ్య సమ్మేళనంలో మూడు వెండి పరమాణువులకు ఒక తగరపు పరమాణువు ఉంటుంది. దీనిని గామా ప్రావస్థ అంటారు. పాదరసం ఈ రేణువుల పైపొరను కరిగించి, వెండితో కలిసి గామా-1 స్ఫటికాలను, తగరంతో కలిసి గామా-2 స్ఫటికాలను ఏర్పరుస్తుంది. రేణువులన్నీ కరగకముందే పాదరసం అయిపోతుంది. కాబట్టి గట్టిపడిన అమాల్గాన్ని కాంక్రీటుతో పోల్చవచ్చు: కరగని గామా రేణువులు కంకర, వాటిని పట్టి ఉంచే గామా-1 సిమెంటు. కంకర భాగమే బలమైనది. అందువల్లనే వైద్యుడు ముద్దను గట్టిగా అదిమి, పైకి తేలిన మిగులు పాదరసాన్ని తీసివేస్తాడు.

గామా-2 సమస్య

ఈ మూడింటిలో అతి బలహీనమైనది గామా-2. దీని పరిమాణం తక్కువే అయినా, లాలాజలం తగిలినప్పుడు మొట్టమొదట క్షయమయ్యేది ఇదే. అది క్షీణించిన చోట అమాల్గం గుల్లబారి, పంటికి ఆనుకొని ఉన్న అంచులు విరిగిపోతాయి. అమెరికా దంతవైద్యుడు జి. వి. బ్లాక్ 1890లలో స్థిరపరచిన మిశ్రమాలలోనూ, వాటిని అనుసరించి వచ్చిన తక్కువ రాగి రకాలలోనూ ఈ లోపం ఉండేది.

1963లో కెనడాలో ఇన్నెస్, యూడెలిస్ అనే పరిశోధకులు పాత పొడికి వెండి-రాగి మిశ్రమపు గుండ్రని రేణువులను చేర్చారు. గట్టి రేణువులను చేరిస్తే బలం పెరుగుతుందన్నది వారి ఆలోచన. ఫలితం మాత్రం మరో మార్గంలో వచ్చింది. తగరానికి పాదరసం కంటే రాగితో ఆకర్షణ ఎక్కువ. అది రాగితో కలిసిపోవడంతో గామా-2 దాదాపు కనుమరుగయింది. తరువాత వచ్చిన 12 శాతం పైబడి రాగి ఉన్న మిశ్రమాలన్నీ ఈ సూత్రం మీదనే తయారయ్యాయి.

యాంత్రిక ధర్మాలు

ఎక్కువ రాగి గల అమాల్గం ఒకరోజు గడిచాక సుమారు 400 నుండి 500 మెగాపాస్కల్‌ల సంపీడన బలాన్ని తట్టుకుంటుంది. లాగే బలాన్ని మాత్రం అందులో ఎనిమిదో వంతు కూడా సరిగా ఓర్చుకోలేదు. ఒక్కమాటలో ఇది పెళుసు. పలుచని అంచు నిలవదు కనుక గుంతను కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల లోతున, అంచులను నిటారుగా తీర్చుతారు. ఇది పంటికి అతుక్కోదు కూడా. ఊడిపోకుండా ఉండటానికి గుంత ముంతలా నోరు ఇరుకుగా, అడుగు వెడల్పుగా ఉండాలి. మొదటి గంటలో బలం చాలా తక్కువ. ఒకరోజు వరకు ఆ వైపు గట్టి పదార్థాలు నమలవద్దని చెప్పడానికి కారణం ఇదే.

నిరంతర ఒత్తిడికి లోహం మెల్లగా సాగిపోవడాన్ని క్రీప్ అంటారు. గామా-1 స్ఫటికం సుమారు 127 °C వద్దే విచ్ఛిన్నమవుతుంది. పరమమానంలో చూస్తే 37 °C గల నోరు ఆ ఉష్ణోగ్రతలో మూడు వంతులకు పైగా చేరుకున్నట్లే. కనుక నోటి వేడి మనకు సామాన్యమైనదే అయినా అమాల్గానికి ఎక్కువే. పాత రకాలలో క్రీప్ ఎక్కువగా ఉండగా, రాగి పెరిగిన రకాలలో అది 1 శాతం లోపుకు తగ్గింది.

వేడికి అమాల్గం పంటి కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందువలన మొదట్లో అంచున సన్నని సందు ఉంటుంది. కాలక్రమేణా క్షయం వలన పుట్టిన పదార్థాలే ఆ సందును పూడుస్తాయి. తుప్పు మేలు చేసే అరుదైన సందర్భం ఇది. జింకు ఉన్న ముద్దకు కూరేటప్పుడు తడి తగిలితే హైడ్రోజన్ వాయువు పుట్టి, కొన్ని రోజులకు ఫిల్లింగు ఉబ్బి నొప్పి కలిగిస్తుంది.

పాదరసంపై ఆంక్షలు

నమిలేటప్పుడు అమాల్గం నుండి అతి స్వల్పంగా పాదరసపు ఆవిరి వెలువడుతుంది. వైద్యశాలల వ్యర్థాల ద్వారా నీటిలో కలిసే పాదరసం పర్యావరణానికి చేటు. పాదరస వినియోగాన్ని తగ్గించేందుకు 2013లో కుదిరిన మినమాటా ఒప్పందంలో దంత అమాల్గాన్ని కూడా చేర్చారు. భారతదేశం 2018లో ఈ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుండి, వైద్యపరంగా తప్పనిసరి అయిన సందర్భాలలో తప్ప, దీని వాడకాన్ని నిషేధించింది. రెజిన్ కాంపోజిట్, గ్లాస్ అయనోమర్ సిమెంటు దీని స్థానంలోకి వచ్చాయి. అయితే పంట్లో ఇప్పటికే ఉండి చెడిపోని అమాల్గాన్ని అకారణంగా తీయించడం మంచిది కాదు. తొలిచేటప్పుడే ఎక్కువ ఆవిరి వెలువడుతుంది, బాగున్న పన్ను కూడా కొంత అరిగిపోతుంది.