పాత కారుకి రిపేరా? కొత్త కారుకి వాయిదాలా?

"కొత్తొక వింత, పాతొక రోత" అన్నారు పెద్దలు. కారు విషయంలో ఈ మోజుకి లొంగితే మాత్రం చేతిలో డబ్బు నిలవదు. షెడ్డు నుంచి పెద్ద బిల్లు వచ్చిన రోజున మగవాళ్లు "ఇక అమ్మేసి కొత్తది కొనేద్దాం" అంటారు. ఆ వెంటనే చూపు పడేది మన చేతి గాజుల మీదే! అందుకే ఈ లెక్క మనకీ తెలిసుండాలి.

ముందు పద్దు రాయండి

పాల పద్దు రాసినట్టే కారుకీ ఓ పుస్తకం పెట్టండి. ఏడాదిలో రిపేర్లకి, టైర్లకి, బ్యాటరీకి ఎంతైందో కూడండి. కొత్త కారుకి 5 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 5 ఏళ్ల వాయిదాలు అనుకుందాం. నెలకి దాదాపు 10,400 రూపాయలు, ఏడాదికి లక్షా పాతికవేలు. పాత కారు ఏడాదికి 40 వేలు తిన్నా అదే చవక. అయితే ఒక్క రిపేరు ఖర్చే కారు అమ్మితే వచ్చే ధరలో సగం దాటితే ఆగి ఆలోచించాలి.

చిన్న జబ్బా, పెద్ద జబ్బా?

క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ పోవడం జలుబు, దగ్గులాంటివి. మార్పిస్తే సరి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలిపోతున్నట్టు. అది పెద్ద వైద్యమే. మన అనకాపల్లికి సముద్రం దూరం కాదు కదా, కాళ్ల కింద రేకుకి, తలుపుల అడుగున తుప్పు పట్టిందేమో చూడండి. పైన రంగేయిస్తే తుప్పు కనబడదు గాని ఆగదు. ఒక్క షెడ్డు మాట విని ఇంజిన్ విప్పించకండి, రెండోచోట కూడా చూపించండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అలాంటి బండైతే సామాను దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

కాగితాల ఖర్చు

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. ఆ తర్వాత బండి చూపించి 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ ఫీజుని 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. బండి పనికిరాదనుకుంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికే ఇవ్వండి. వాళ్లిచ్చే సర్టిఫికెట్ చూపిస్తే కొత్త కారుకి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. చిన్న కార్ల మీద జి.ఎస్.టి. కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది.

ప్రాణం లెక్క

నూకాలమ్మ గుడికీ, బజారుకీ తిరిగే కారైతే పాతదే చాలు. అత్తమామల్ని వారం వారం విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లే కారైతే సంగతి వేరు. హైవే మీద లారీల మధ్య బ్రేకు నమ్మకంగా పడాలి. జారకుండా ఆపే ఏ.బి.ఎస్. బ్రేకులు 2019 ఏప్రిల్ నుంచే అన్ని కొత్త కార్లకీ తప్పనిసరయ్యాయి. పాత కార్లలో చాలావాటికి అవి లేవు, ఎయిర్ బ్యాగులూ లేవు. ఎంత రిపేరు చేయించినా అవి రావు. అక్కడ మాత్రం డబ్బు లెక్క రెండోది.

అంత తొందర లేనివాళ్లు బంగారం తాకట్టు పెట్టొద్దు. చిన్న రిపేరు చేయించి, వాయిదాలో సగం అనుకుని నెలకి 5 వేలు పోస్టాఫీసు ఆర్.డి.లో వేయండి. మూడేళ్లకి లక్షా ఎనభై వేలు, దాని పైన వడ్డీ. అప్పుడు కొత్త కారు కొన్నా అప్పు తగ్గుతుంది, గాజులు చేతికే ఉంటాయి.