గోడ నేతలో రంగు కూడ పెట్టుబడే

అండమాన్ దీవులలోని శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) రేవున దిగిన యాత్రికుని కన్నులను మొదట ఆకర్షించేది సముద్రపు రంగు. తీరం వద్ద లేత పచ్చ, కొంత దూరాన నీలం, ఆపైన నలుపు తిరిగిన నీలం. ఈ వర్ణాలను నూలులో చూపే గోడ నేతలు కావాలని ఇక్కడి అతిథిగృహాల వారు అడిగినప్పుడు, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన మన తెలుగు వర్తకులు వరంగల్లు వైపు చూడటం సహజం. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి పాఠకులకు విదితమే.

ఆంగ్లంలో టేపస్ట్రీ అనబడే నేతలో పడుగు పూర్తిగా పేక క్రింద దాగిపోతుంది. సాధారణ వస్త్రంలో పేక ఒక అంచు నుండి మరొక అంచుకు సాగుతుంది. ఇందులో మాత్రం ఒక్కొక్క రంగు కండె తన హద్దు వరకే వెళ్ళి, ప్రక్క రంగు పోగుతో పెనవేసుకుని వెనుకకు మరలుతుంది. వరంగల్లు జంపఖానాలలో ఒక రకం ఈ పద్ధతిలోనిదే. ఇక్కడ రంగు వస్త్రంపై పూసేది కాదు, వస్త్రమే రంగు. తప్పు రంగు పడితే విప్పి మరల నేయడం తప్ప మార్గం లేదు.

వరంగల్లు ప్రాంతంలో పనిచేసిన రోజులలో నేను చేసిన పొరపాటును దాచకుండా మనవి చేస్తాను. ఒక నేత కార్మికుడు పెద్ద గోడ నేతకు ఆర్డరు సంపాదించి, నూలుకు, అద్దకానికి ఋణం కోరారు. వడ్డీ భారం తగ్గుతుందని తలచి సొమ్మును మూడు విడతలుగా ఇప్పించాను. ఇంటి నిర్మాణానికి అది మంచి పద్ధతే. కాని మూడుసార్లుగా అద్దించిన నీలం మూడు నీలాలైంది. నేతపై అడ్డంగా రెండు చోట్ల తేడా స్పష్టంగా తేలింది. కొనుగోలుదారు సరుకు తిప్పి పంపారు. ఆ బాకీ తీరడానికి రెండేళ్ళు పట్టింది. ఆయన చేతిపనిలో లోపం లేదు. విడతలు వ్రాసిన నా కలంలోనే ఉంది.

అయితే రంగును గూర్చిన ప్రతి ఫిర్యాదూ అద్దకపు దోషం కాదు. పారిస్‌లోని గోబెలిన్ గోడ నేతల కర్మాగారంలో 1824లో అద్దకశాల బాధ్యత స్వీకరించిన రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ వద్దకు, నల్ల నూలు తగినంత నలుపుగా లేదన్న ఫిర్యాదు వచ్చింది. పరిశీలించగా నూలులో లోపం లేదు. ప్రక్కనున్న రంగులే దానిని వెలవెలబోయేటట్లు చేస్తున్నాయని తేలింది. ఈ విషయాన్ని ఆయన 1839లో గ్రంథంగా ప్రకటించారు. కాబట్టి చిలపను విడిగా చూసి రంగు నిర్ణయించకండి. చేరవలసిన రంగులన్నిటితో జానెడు నమూనా నేయించి, పగటి వెలుతురులో చూడండి.

రంగులు ఎక్కువైతేనే అందం అనుకోవడమూ సరికాదు. లేత, ముదురు నీలాల సన్నపోగులను ఒకే కండెకు చుడితే నడిమి నీలం కనిపిస్తుంది. రెండు రంగుల హద్దును దువ్వెన పళ్ళ వలె ఒకదానిలో ఒకటి చొప్పిస్తే, దూరానికి మూడవ రంగుగా తోస్తుంది. ఈ విధంగా కొద్ది అద్దకాలతోనే ఎన్నో ఛాయలు రాబట్టవచ్చు. మిగిలిపోయే నూలూ తగ్గుతుంది.

దీవులలో ఎండ తీక్షణం, గాలిలో తేమ అధికం. నూలుకు డైరెక్ట్ రంగులు చౌకే గాని ఉతుకుకు అంతగా నిలువవు. రియాక్టివ్ రంగులు ఉతుకుకు నిలుస్తాయి. వ్యాట్ రంగులు ఉతుకుకూ ఎండకూ బాగుగా నిలుస్తాయి. వెలుతురుకు నిలిచే శక్తిని 1 నుండి 8 వరకు, ఉతుకుకు నిలిచే శక్తిని 1 నుండి 5 వరకు అంకెలతో కొలుస్తారు. అంకె పెరిగిన కొద్దీ రంగు గట్టిది. వర్తకులు ఆర్డరు ఇచ్చేటప్పుడే ఈ అంకెలు అడగాలి. ఇంటివద్ద కూడ, తడిపిన తెల్లగుడ్డతో నమూనాను రుద్ది చూడవచ్చు. సగం అట్టతో కప్పి కొన్ని వారాలు ఎండ తగిలే కిటికీలో ఉంచి, రెండు సగాలను పోల్చవచ్చు.

ఋణానికి వచ్చేటప్పుడు ఆర్డరు పత్రంతో పాటు రంగుల నమూనా, ఒక్కొక్క రంగుకు కావలసిన నూలు తూకం, కొంత అదనపు నూలు, ఒకే విడతలో అద్దకానికయ్యే ఖర్చు విడిగా వ్రాసి తెండి. 1983లో ఏర్పడిన జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ నూలుతో పాటు రంగులు, రసాయనాలు కూడ సరఫరా చేస్తుంది. ఆ ధరలతో పోల్చి చూడండి. మగ్గంపై కూలి ఖర్చును నెలనెలా తీసుకోవచ్చు. రంగు నూలుకు మాత్రం సొమ్ము ఒక్కసారిగానే అందాలి. మీ శాఖలోని అధికారి అందుకు సందేహిస్తే, ఈ పుట చూపించండి.