రాబందుకు విషమైన పశువుల మందు

కాళేశ్వరం వద్ద గోదావరిలో కలిసే ప్రాణహిత వెంట ఎగువకు వెళితే, ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట ఉంది. ఆ గుట్ట చరియల్లో పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నట్టు 2013లో వెల్లడైంది. 1990ల తర్వాత మన దేశంలో ఈ పక్షులు నూటికి 95కు పైగా అంతరించాయి.

వీటిని చంపింది వేటగాళ్లు కాదు; పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు. సూది వేసిన కొద్ది గంటల్లో పశువు చనిపోతే మందు కళేబరంలోనే ఉండిపోతుంది. దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడి రోజుల్లోనే మరణిస్తుంది. 2004లో పరిశోధకులు ఈ సంగతి తేల్చారు. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించింది. అయితే మనుషులకు అమ్మే డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడితే ఆ నిషేధం వృథాయే.

రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. ఒక్కటి పోయినా ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది. రాబందులు లేనిచోట కళేబరాలు కుళ్లుతాయి, ఊరకుక్కలు పెరుగుతాయి, కుక్కకాటు భయం మనుషులకే.

పేద కుటుంబాలకు మేకలు, గేదెలు కొనిచ్చే దాతలు మనలో ఎందరో ఉన్నారు. పశువుతో పాటు ఒక మాట కూడా చెప్పండి: నొప్పి మందు అవసరమైతే రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ ఇవ్వమని పశువుల డాక్టరును అడగాలి. ఇతర నొప్పి మందు వేశాక పశువు చనిపోతే లోతుగా పూడ్చిపెట్టాలి. ఈ మాట చెప్పడానికి పైసా ఖర్చు లేదు.