పొయ్యికి అందము పొగ లేకుండుటే

కొంతకాలము క్రిందట మేము వినుకొండలో ఒక మిత్రుని ఇంటికి పోయియుంటిమి. పెరటి వసారాలో క్రొత్తగా కట్టించిన కట్టెల పొయ్యిని వారు మాకు ముచ్చటగా చూపించిరి. నున్నని నాపరాతి గట్టు, జాజుతో అలికిన అంచులు, వాటిపై తెల్లని ముగ్గు. చూచుటకు కన్నుల పండువుగానే ఉన్నది. కాని ఇల్లాలు ఎసరు పెట్టి మంట వేసిన కొద్దిసేపటికే మేమందరము కన్నులు తుడుచుకొనుచు వాకిటిలోనికి రావలసివచ్చినది. ఆమె మాత్రము అచ్చటనే ఉండిపోయినది. ఆమెకు తప్పదు గదా! ఆ పొయ్యికి అన్నియు అమరినవి, పొగ పోవు దారి తప్ప.

గ్యాసు వచ్చిన పిమ్మట కట్టెల పొయ్యి మాట ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. గ్యాసు ఉన్నవారు నిత్యపు వంట దానిమీదనే చేసికొనుట ఆరోగ్యమునకు మేలు. కాని స్నానపు నీళ్ళకు, పదిమంది వంటకు, సిలిండరు అయిపోయిన నాటికి పల్నాటి ఇండ్లలో కట్టెల పొయ్యి నేటికిని వెలుగుచునే ఉన్నది. పత్తికంప, కందికంప, మిరపకట్టె చేలనుండి ఊరకే వచ్చుచుండగా దానిని మానుట అందరకును సులభము కాదు. వంటయింటి పొగ మొదలగు వానివలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కావున వాడక తప్పనివారు మంచి పొయ్యినే ఎన్నుకొనవలెను.

ఈ ఆలోచన మనవారికి క్రొత్త కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టరు ఎస్. పి. రాజు గారు పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై చిన్న పుస్తకమును ప్రకటించిరి. మంట ఒకచోటనే వేయగా, దాని వేడి వరుసగా గిన్నెల క్రిందుగా సాగి, మిగిలిన పొగ గొట్టము గుండా కప్పు పైకి పోవుట అందలి కీలకము. మన అవ్వల కోడిపొయ్యిలోని తెలివికి పొగగొట్టము తోడైనదన్నమాట.

ఇక ఎన్నిక విషయము. మొదట, మంట క్రింద ఇనుప కడ్డీల జాలి ఉండవలెను. బూడిద క్రిందికి రాలి, గాలి అడుగునుండి పైకి వచ్చును. ఊదుగొట్టముతో పని తగ్గును. రెండవది, గిన్నె పొయ్యి కంతకు సరిగా అమరవలెను. సందున్నచో పొగ గొట్టమును విడిచి గదిలోనికే వచ్చును. మూడవది, పొయ్యి గోడ. దళసరి రాయి, సిమెంటు గిన్నెకు చేరవలసిన వేడిని తామే త్రాగును. ఊకయో, బూడిదయో కలిపిన మట్టి వేడిని నిలుపును. నాపరాయి గట్టుకు శోభయే కాని, మంట తగులుచోట పగులును. అచ్చట మట్టియో, కాల్చిన ఇటుకయో మేలు.

కట్టెలు ఎండినవై ఉండవలెను. అప్పుడే కొట్టిన కట్టె తూకములో సుమారు సగము నీరే ఉండవచ్చును. అట్టి కట్టె మన ఎసరుకంటె ముందు తనలోని నీటినే కాచును. క్రొత్త పొయ్యి కొనువారు ఎండుపుల్లలు కిలో చొప్పున తూచి, పాత పొయ్యిమీదను క్రొత్తదానిమీదను ఒకే గిన్నెలో అంతే నీరు మరిగించి చూడవచ్చును. దేనివద్ద పుల్లలు ఎక్కువ మిగులునో అదియే మంచి పొయ్యి. అమ్మువాని మాటకంటె ఇది నమ్మదగిన సాక్ష్యము.

పొయ్యి కొనుటతో పని తీరదు. కేంద్రప్రభుత్వము 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించి 2002 వరకు నడపినది. ఇచ్చిన పొయ్యిలలో అనేకము బాగుచేయువారు లేక మూలబడినవి. ఒడిశా గ్రామములలో జరిగిన ఒక పరిశీలనలోను మొదటి ఏడాది తగ్గిన పొగ, పొయ్యిల పోషణ కొరవడగా మరల పూర్వస్థితికే వచ్చినది. మసి నిండిన గొట్టము ఉండియు లేనట్టిదే.

మా మిత్రుడు పిమ్మట తన పొయ్యికి గొట్టము పెట్టించెను. నెలకొకసారి నిచ్చెన వేసికొని దానిని దులుపుట తన వంతుగా పెట్టుకొనెను. ముగ్గు ఇల్లాలు వేయును, మసి ఇంటాయన దులుపును. ఈ ఒప్పందము ప్రతి ఇంట కుదిరిననాడు వంటయింటి గోడ తెల్లగా ఉండును. ఇల్లాలి కన్నులు ఎఱ్ఱబడక ఉండును.