తడి చేతికి స్మార్ట్ వాచీ

మనది ఎలమంచిలి. దగ్గరలో శారదా నది. కాస్త దూరం పోతే సముద్రం. ఇంట్లో చూస్తే అంట్లు, బట్టలు. ఆడవాళ్ల చేతికి తడి ఆరేదెప్పుడు?

మీ అబ్బాయి స్మార్ట్ వాచీ కొనిచ్చాడనుకోండి. "తడిసినా ఏం కాదమ్మా" అన్నాడు. నిజమేనా? వాచీ వెనక్కి తిప్పి చూడండి. మీకిప్పుడు చదువు వచ్చు కదా! 5 అంకె, పక్కన ఇంగ్లీషులో ఏటీఎం అని ఉందా? ఇది బ్యాంకు ఏటీఎం కాదు. ఒత్తిడి కొలత.

5 ఏటీఎం అంటే 50 మీటర్లు. అలాగని అంత లోతుకు దిగవచ్చని కాదు. కదలని నీటిలో అంత లోతున ఉండే ఒత్తిడికి పరీక్ష చేశారని అర్థం. వాన తడికి, చేతులు కడగడానికి, పైపైన ఈతకు సరిపోతుంది.

మరి ఎందుకు పాడవుతుంది? వాచీ లోపల సన్నని రబ్బరు చుట్టు ఉంటుంది. కుక్కర్ రబ్బరు లాంటిదే. కుక్కర్ రబ్బరు పాతబడితే ఆవిరి బయటికి పోతుంది. ఇక్కడ నీరు లోపలికి పోతుంది. సబ్బునీరు, వేడినీరు, ఉప్పునీరు ఆ రబ్బరును దెబ్బతీస్తాయి. వాచీ కిందపడినా ప్రమాదమే.

అందుకని ఇలా చేయండి:

బట్టలు ఉతికేటప్పుడు, వేడినీళ్ల స్నానం చేసేటప్పుడు వాచీ తీసేయండి.

రేవుపోలవరం సముద్రంలో మునిగి వస్తే, వాచీని మంచినీటితో కడిగి తుడవండి.

తడి ఆరకుండా చార్జింగు పెట్టకండి.

పట్టీ కింద తడి నిలిస్తే దురద వస్తుంది. ఆరబెట్టుకోండి.

నీరు పోయి పాడైతే చాలా కంపెనీలు ఊరికే బాగుచేయవు. గ్యారంటీ కాగితం ముందే చదవండి. అబ్బాయి మాట వినండి. కాగితం మీది మాట కూడా చూడండి.