వైద్య విద్యార్థి అడగవలసిన ప్రశ్న

మెట్లపై జారిపడ్డానని స్త్రీ చెప్పిన కారణానికీ, ఆమె మెడపైని కమిలిన గుర్తులకూ పొంతన కుదరనప్పుడు వైద్యుడు ఏమి చేయాలి? వైద్య, నర్సింగ్ విద్యార్థులకు ఇది చదువుకునే దశలోనే నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. వెంట వచ్చిన భర్తను, అత్తను బయట కూర్చోబెట్టి ఏకాంతంలో అడగడం మొదటి పాఠం. ఒట్టపిడారం ప్రాంతపు తెలుగు ఇళ్లలోని స్త్రీకి సంతలో తమిళం చాలవచ్చు. ఇంటి బాధకు ఇంటి భాషే కావలసివస్తుంది. అప్పుడు సైతం కుటుంబసభ్యులను దుబాసీలుగా పెట్టకూడదు. “సర్దుకుపో” అనడం చికిత్స కాదు.

2005 నాటి గృహహింస చట్టం ప్రకారం బాధితురాలు కోరితే ఆసుపత్రి వైద్యసహాయం అందించి తీరాలి. ముందుగా ఫిర్యాదు నమోదు కాలేదని తిప్పిపంపరాదు. వైద్యపరీక్ష నివేదిక ప్రతిని ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. మహిళా సహాయవాణి సంఖ్య 181.